మన గిటార్ సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. లేకపోయినా ఈసారి రాసేవాణ్నే, ఎవరు ఏ పని చేశారో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. తలో ఊళ్లో ఉన్న మనం ఆన్‌లైన్‌లో కలిసి గిటార్ నేర్చుకోవడానికే ఈ సంఘం అని మీకు మళ్లీ చెప్పక్కర్లేదు.

పోయినేడాది వరకు మన ఆదివారం ఆన్‌లైన్ క్లాసులో చూడటం ఎక్కువ, వాయించడం తక్కువ. మాస్టారు స్కేల్ (స్వరాల వరుస) చూపిస్తారు, మనం తల ఊపుతాం, కెమెరా ఆఫ్ చేసుకుని ఇడ్లీ తింటాం (నేనూ తిన్నాను). జూన్ నుంచి పద్ధతి మార్చాం. ప్రతి క్లాసులో ప్రతి ఒక్కరికీ పన్నెండు బార్ల వంతు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం లాంటిది). బట్టీపట్టి తెచ్చింది కుదరదు, అప్పటికప్పుడు అల్లి వాయించాలి, తప్పుపోతే పోనీ. మొదటి వారం వచ్చినవాళ్లలో సగం మంది కూడా వాయించలేదు, సరిగ్గా వంతు వచ్చే టైముకే అందరికీ నెట్ పోయింది మరి.

వాయించడం మొదలుపెట్టాక అసలు తలనొప్పి తెలిసింది. బ్యాకింగ్ ట్రాక్ (మన వాయింపు వెనక మోగే రికార్డు చేసిన సంగీతం) మాస్టారి దగ్గర పెట్టి, దాని మీద మనవాళ్లను వాయించమనేవాళ్లం. ఎవరు వాయించినా తాళం వెనకబడేది. విజయనగరం తమ్ముణ్ని నేనే అందరి ముందూ కోప్పడ్డాను, మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం చెప్పేది) పెట్టుకుని సాధన చెయ్యమని, పాపం రెండు వారాలు చేశాడు కూడా. తప్పు అతనిది కాదు. ట్రాక్ మాస్టారి ఇంటి నుంచి మనకు చేరడానికి కొంత ఆలస్యం, మన గిటార్ తిరిగి ఆయనకు చేరడానికి ఇంకొంత, నెట్ ఎంత బాగున్నా ఇది సున్నా కాదు. సౌండ్ రికార్డింగ్ పని చేసే హైదరాబాద్ చెల్లెలు ఒక్క ముక్కలో తేల్చేసింది. ట్రాక్‌ను ముందే వాట్సాప్‌లో పంపండి, ఎవరి వంతు వస్తే వాళ్ల ఇంట్లోనే స్పీకర్‌లో పెట్టుకుని వాయించాలి, మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండాలి అంది. ట్రాకూ గిటారూ ఒకే మైకులోంచి కలిసి బయల్దేరతాయి కాబట్టి కలిసే చేరతాయి. ఆ రోజు నుంచి అందరి తాళమూ బాగుపడిపోయింది! విజయనగరం తమ్ముడికి సంఘం తరఫున క్షమాపణ, విడిగా నా తరఫున కూడా.

ఇంకో మాట. కాల్‌లో చప్పుళ్లు తగ్గించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, అది సాగదీసిన స్వరాన్ని ఫ్యాన్ చప్పుడనుకుని మింగేస్తుంది. దాన్ని ఆఫ్ చేయమని గ్రూపులో ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. ఇప్పటికీ ముగ్గురు చేయలేదు, వాళ్లెవరో వాళ్లకు తెలుసు.

థియరీ క్లాసులు ఈసారి బాగా పండాయంటే అది చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకున్న సభ్యుల పుణ్యమే. పాశ్చాత్య స్వరం సి ని షడ్జమం (స) అనుకుంటే సి, డి, ఇ, జి, ఎ అనే అయిదు స్వరాలు మోహన రాగం. అవే అయిదింటిని ఎ నుంచి మొదలుపెడితే గిటార్ వాళ్లకు ఎ మైనర్ పెంటటానిక్ అనే అయిదు స్వరాల స్కేల్, మనకు శుద్ధ ధన్యాసి రాగం (ఉదయరవిచంద్రిక అనాలని కొందరు, ఆ గొడవ గ్రూపులో ఇంకా నడుస్తోంది). గ్రహభేదం (షడ్జమాన్ని మరో స్వరానికి మార్చితే వేరే రాగం రావడం) అనే మాట ఎప్పుడో విని మర్చిపోయినవాళ్లకు అది ఫ్రెట్ల (గిటార్ మెట్ల) మీద కళ్లెదుట కనిపించింది.

ఒక ఆదివారమంతా ఒక్క ప్రశ్నకే పోయింది. ఎ శ్రుతిలో బ్లూస్ (అమెరికా నల్లజాతివారి సంగీత శైలి) వాయిస్తున్నాం, కింద ఎ సెవెన్ కార్డ్‌లో (కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుంపు) సి షార్ప్, అంటే సి కంటే అర మెట్టు పైది, ఉంది, పైన మనం సి వాయిస్తున్నాం. అంతర గాంధారం (సి షార్ప్) మోగుతుండగా సాధారణ గాంధారం (సి) ఎలా వేస్తారు, అపస్వరం కాదా అని రాజమండ్రిలో వీణ వాయించే మేడమ్ గారు అడిగారు. ఆ ఒరిపిడే బ్లూస్ అన్నారు మాస్టారు. సి దగ్గర తీగను కొంచెం లాగాలి, సి షార్ప్ దాకా వెళ్లకూడదు, దారిలో ఆగాలి. ఆవిడ ఒకసారి లాగి చూసి, ఇది మన గమకమే (స్వరాన్ని ఊపి పలికించడం) కదండీ, దీనికి గంటసేపు చెప్పాలా అన్నారు. ఇప్పుడు మన అందరిలోకీ బెండ్ (ఈ తీగ లాగుడు) ఆవిడదే బాగుంటుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే గమకాలు పలికించారు కాబట్టి, ఫ్రెట్లున్న వాద్యానికి గమకం రాదని ఇకమీదట ఎవరూ అనొద్దు.

కష్టమైంది మాత్రం కార్డ్ మార్పు. రాగంలో షడ్జమం కదలదు, ఇక్కడ అడుగున నేల జరుగుతూ ఉంటుంది. ఎ సెవెన్ నుంచి డి సెవెన్‌కి వెళ్లేటప్పుడు సి షార్ప్ అర మెట్టు దిగి సి అవుతుంది, జి అర మెట్టు దిగి ఎఫ్ షార్ప్ అవుతుంది. ఈ రెండు కదలికలు చెవికి పడితే కార్డ్ మారిందని తెలిసిపోతుంది, బార్లు లెక్కపెట్టక్కర్లేదు. ఆగస్టు, సెప్టెంబరు దీనికే ఖర్చయ్యాయి, నాకైతే ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

ఇక జనవరిలో విజయవాడ కలయిక. ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది. ఊళ్లో ఒక ఆడిటోరియం కోసం అర్జీ పట్టుకుని నాలుగుసార్లు తిరిగాం. ఆర్కెస్ట్రానా, డీజేనా అని అడిగారు, రెండూ కాదంటే ఏ కాలమ్‌లో రాయాలో తెలియక ఫైలు పక్కన పెట్టేశారు. చివరికి ఒక సభ్యురాలి అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో జరుపుకున్నాం. విశాఖ, కరీంనగర్, అనంతపురం నుంచి వచ్చారు, డాలస్ నుంచి సెలవుకు వచ్చిన అన్నయ్య గిటార్ అరువు తెచ్చుకుని మరీ వాయించారు.

జూన్ నుంచి స్క్రీన్ మీద ఒకరి తర్వాత ఒకరు వాయించినవాళ్లం మొదటిసారి ఒకే గదిలో కూర్చున్నాం, మ్యూట్ బటన్ లేదు. మొదటి అరగంట ఘోరం. తొమ్మిది మంది ఒకేసారి సోలో వాయిస్తున్నారు, ఎవరి యాంప్ వాళ్లు పెంచుకుంటున్నారు, నేను ఏ బార్‌లో ఉన్నానో నాకే తెలియలేదు. అప్పుడు కరీంనగర్ నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు తన వంతులో మొదటి నాలుగు బార్లకు రెండంటే రెండే స్వరాలు వాయించి ఊరుకున్నారు. మిగతాదంతా ఖాళీ. గది మొత్తం ఆగిపోయింది. వాచ్‌మన్ కూడా తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాత రెండు గంటలు వాయించాం, ఒకళ్లు వాయిస్తుంటే మిగతావాళ్లు వింటూ, సన్నగా కార్డ్స్ పట్టుకుంటూ. రికార్డింగ్ డ్రైవ్‌లో ఉంది, మొదటి అరగంట దాటించి వినండి.

లెక్కలు కోశాధికారి గారు పంపిన షీట్‌లో ఉన్నాయి. చందాలు వచ్చాయి, వీడియో కాల్ లైసెన్స్‌కీ సౌండ్ బాక్సుల అద్దెకీ పోయాయి, కొంచెం మిగిలింది. సందేహాలుంటే ఆయన్ని అడగండి, నన్ను కాదు.

క్లాసుల ట్యాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో చెప్పే రాత) రాసిపెడతామని పోయిన సమావేశంలో ఆరుగురు చేతులెత్తారు. ఏడాదంతా రాసింది ఒక్క గుంటూరు అమ్మాయి, అదీ డిగ్రీ పరీక్షల మధ్యలో. మిగతా అయిదుగురు గ్రూపులో గుడ్ మార్నింగ్ మాత్రం ఠంచనుగా పెడుతున్నారు.

జీతం తీసుకోకుండా నేర్పిన మాస్టారికి, ట్రాకులు చేసిపెట్టిన చెల్లెలికి, గుంటూరు అమ్మాయికి, హాలు ఇప్పించిన సభ్యురాలికి, వచ్చినవాళ్లందరికీ పులిహోర చేసిపెట్టిన వాళ్ల అమ్మగారికి, శబ్దాన్ని భరించిన రెండో అంతస్తువాళ్లకు, అందరికీ ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి కార్యదర్శి ఎన్నిక ఉంది. నేను నిలబడటం లేదు, నాకు సాధన చేసే టైము కావాలి. పేర్లు శనివారం లోపు పంపండి. ఆదివారం క్లాసుకు గిటార్ ట్యూన్ చేసుకుని రండి, వచ్చాక పది నిమిషాలు ట్యూన్ చేయకండి.

ఇట్లు,
కార్యదర్శి