ఇంట్లో కొల్లాయిడల్ గోల్డ్ చేయాలనుకునేవాళ్లకు

అందరికీ నమస్కారం. బంగారు నీళ్ల (కొల్లాయిడల్ గోల్డ్, అంటే కంటికి కనబడనంత సన్నని బంగారు కణాలు తేలే నీళ్లు) వీడియో చూసి కొందరు "మేమూ చేసి చూస్తాం" అన్నారు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది, అందుకే రాస్తున్నాను.

కెమిస్ట్రీ మాత్రం చాలా అందమైనది. క్లోరోఆరిక్ ఆమ్లం (బంగారం కరిగి ఉన్న ఆమ్లం) పలుచని ద్రావణాన్ని మరిగించి సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లపు లవణం) కలిపితే బంగారు అయాన్లు లోహంగా మారి, 10–20 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) కణాలవుతాయి. అవి 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటాయి. అందుకే నీళ్లు కెంపు రంగులో మెరుస్తాయి. సిట్రేట్ ఇచ్చే రుణావేశం వల్ల కణాలు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. కాస్త ఉప్పు పడితే అవి గుంపుకట్టి, రంగు నీలానికి తిరుగుతుంది. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1850ల్లో చేసిన ఎర్రటి ద్రావణాలు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి!

అసలు ప్రమాదం ఆ క్లోరోఆరిక్ ఆమ్లాన్ని తయారుచేయడంలో ఉంది. బంగారాన్ని కరిగించే ఆక్వా రేజియా (గాఢ హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమం) నుంచి క్లోరిన్, నైట్రోజన్ డయాక్సైడ్ వస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ పీల్చినప్పుడు మామూలు దగ్గే అనిపిస్తుంది. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కిటికీ తెరిస్తే సరిపోదు, ఫ్యూమ్ హుడ్ (ల్యాబుల్లో విషవాయువులను బయటికి లాగేసే ఏర్పాటు) ఉండాలి. మిగిలిన ఆక్వా రేజియాను సీసాలో బిగిస్తే గ్యాస్ ఒత్తిడికి సీసా పేలుతుంది.

దయచేసి ఈ బంగారు నీళ్లను ఎవరూ తాగకండి. ఎర్రగా ఉన్నంత మాత్రాన అందులో ఆమ్లం మిగల్లేదని కాదు. వీటిని తాగితే జబ్బులు తగ్గుతాయన్న మాటకు ఆధారం లేదు. ఎవరైనా ఇప్పటికే ఆ పొగ పీల్చి ఉంటే, బాగానే ఉన్నాం అనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.