మిగతా పదకొండు ఫీడ్లు

ఏమే సిస్టరమ్మా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నీ అలసటే వినపడింది, రెండోసారికి గానీ నువ్వడిగింది సరిగ్గా ఎక్కలేదు. మీ వార్డులో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, కడుపులోకి పాలు పంపే ట్యూబ్ ఆపి నోటితో మొదలుపెట్టగానే నీలంగా మారిపోతున్నారు, మళ్ళీ ట్యూబ్ వేయాల్సి వస్తోంది, స్పీచ్ థెరపీ వాళ్ళు ఇది కూడా చూస్తారట కదా, ఏం చేస్తారో చెప్పవే అన్నావు. ఇది ఫోన్లో తేలే విషయం కాదు. నీకు వార్డులో సిగ్నల్ ఉండదు, ఉన్నా మధ్యలో ఏదో ఒక మానిటర్ మోగి పరిగెత్తాల్సి వస్తుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నైట్ డ్యూటీ దిగి, పడుకుని లేచి, టీ తాగుతూ చదువు.

నెలల పిల్లలకి స్పీచ్ థెరపీ ఏంటమ్మా అని మా అత్తగారు ఇప్పటికీ అడుగుతారు. మాట వచ్చేదీ పాలు దిగేదీ ఒకే దారిలో కదా అత్తయ్యా అంటాను. అవే పెదాలు, అదే నాలుక, అదే గొంతు, వాటి మధ్యలో నుంచే ఊపిరి. అందుకే మా చదువులో మింగడం కూడా ఒక పెద్ద భాగం. నన్ను ఇన్‌ఛార్జిని చేశాక నేను స్వయంగా పిల్లల్ని పట్టుకునే సమయం తగ్గిపోయింది, మీటింగులు, చార్టులు, ట్రైనింగులు పెరిగాయి. మొదట్లో చాలా బాధపడ్డానే. తర్వాత ఒకరోజు లెక్క వేసుకుంటే తెలిసింది. రెండు గంటలకోసారి అంటే బిడ్డకి రోజుకి పన్నెండు ఫీడ్లు. అందులో థెరపిస్టు పక్కన ఉండేది మహా అయితే ఒక్కదానికి. మిగతా పదకొండూ మీ సిస్టర్ల చేతుల్లో, అమ్మల చేతుల్లో నడుస్తాయి. ఆ పదకొండు మారకపోతే నేను చేసిన ఒక్కటీ ఎందుకూ పనికిరాదు. నీ దగ్గర థెరపిస్టు లేరని బెంగపడ్డావు చూడు, అందుకే చెప్తున్నా, పనిలో ఎక్కువ వంతు ఇప్పటికే నీ చేతిలో ఉంది.

అసలు ఎందుకు నీలమవుతారో చూద్దాం. కడుపులో ఉండగానే బిడ్డ మింగడం మొదలుపెడుతుంది, వేలు చీకుతుంది, అది నీకు తెలిసిందే. కానీ చీకడం, మింగడం, ఊపిరి తీయడం, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తాళం తప్పకుండా నడవడం గర్భం మొదలైన దగ్గర్నుంచి లెక్కేస్తే సుమారు 34 వారాలకి గానీ కుదురుకోదు. మింగే క్షణంలో ఊపిరి ఆగాలి, మింగగానే మళ్ళీ అందాలి, పాలు వస్తున్నప్పుడు ఇది దాదాపు సెకనుకోసారి జరగాలి. సీపాప్ మీద, అంటే ముక్కులోకి ఒత్తిడితో గాలి పంపే మిషన్ మీద, వారాల తరబడి ఉండి వచ్చిన బిడ్డకి ఊపిరి తీయడమే ఒక పని, దాని మీద ఇంకో రెండు పనులు పెడుతున్నాం మనం. మన ప్రోటోకాల్‌లో 28 నుంచి 31 వారాల వరకు ట్యూబ్, 32 నుంచి 34 వరకు పలాడై, అంటే ఉగ్గుగిన్నె, ఆ తర్వాత రొమ్ము అని ఉంటుంది కదా, అది మంచి మార్గమే. కాకపోతే ఆ వారం రాగానే బిడ్డ కూడా సిద్ధమైపోయిందనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది మీ సిస్టర్లందరికీ చెప్పు. మనకి పొలమారితే దగ్గుతాం, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఎవరో తలుచుకుంటున్నారు అంటూ ఇంట్లో వాళ్ళు నెత్తిన తడతారు. నెలలు నిండని బిడ్డకి చాలాసార్లు పొలమారదు. దగ్గడానికి కూడా బలం, పరిపక్వత కావాలి. పాలు తప్పుదారిలో ఊపిరిగొట్టం దగ్గరికి వస్తే ఆ బిడ్డ శరీరం దగ్గే బదులు ఊపిరే ఆపేస్తుంది. చప్పుడు ఉండదు. మనం "ఎంత చక్కగా తాగుతోందో, ఒక్కసారి కూడా దగ్గలేదు" అనుకుంటూ ఉంటాం, మానిటర్‌లో సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, దిగిపోతూ ఉంటుంది.

నాకిది పుస్తకంలో చదివితే ఎక్కలేదే. నేను కొత్తగా పనిలో చేరినప్పుడు, అది వేరే ఆసుపత్రి, 33 వారాల పాప ఉండేది. 1,500 గ్రాములు. కిలోకి 160 మి.లీ. పాలు చొప్పున రోజుకి 240 మి.లీ., అంటే ఫీడ్‌కి 20. పద్నాలుగు తాగి ఆగింది. నాలుక బయటికి తోసింది, వేళ్ళన్నీ విప్పి చెయ్యి చాచింది, నుదురు ముడుచుకుంది. మిగిలిన ఆరు కూడా తాగించేస్తే చార్టులో 20 రాయొచ్చు, రేపు రౌండ్స్‌లో ట్యూబ్ తీసేస్తారు, వాళ్ళమ్మ సంతోషిస్తుంది అని నా ఆత్రం. ఇంకొంచెం పోశాను. పాప బూడిదరంగులోకి వెళ్ళిపోయింది. సిస్టర్ వచ్చి వీపు రుద్ది, ఆక్సిజన్ పెట్టి, ఒక నిమిషంలో తేరుకునేలా చేసింది. ఆ నిమిషం నాకు ఇప్పటికీ పోలేదు. ఆ పాప అప్పటికే మూడుసార్లు వద్దని చెప్పింది కదా నాకు, నేనే వినలేదు. మాటలు నేర్పే చదువు చదివి, ఎదురుగా ఉన్న మనిషి మాట వినలేదు.

అప్పట్నుంచి నేను ఎక్కడికెళ్ళినా మొదట చెప్పేది ఇదే. ఆకలేసిన బిడ్డ లేచి, చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది, బుగ్గ తాకితే అటు తిరిగి నోటితో వెతుక్కుంటుంది. చాలనుకున్న బిడ్డ, లేదా అలసిపోయిన బిడ్డ, వేళ్ళు చాచేస్తుంది, ముఖం తిప్పుకుంటుంది, కనుబొమలు ముడుస్తుంది, ఎక్కిళ్ళు పెడుతుంది, పెదాల చుట్టూ రంగు మారుతుంది, లేదంటే హఠాత్తుగా మెత్తబడి నిద్రలోకి జారిపోతుంది. వీటిలో ఏది కనిపించినా ఆగాలి. ఊపిరి కుదుటపడనిచ్చి, మళ్ళీ అడిగితేనే ఇవ్వాలి. అడక్కపోతే మిగతాది ట్యూబ్‌లో. ట్యూబ్‌లో వేస్తే మనం ఓడిపోయినట్టు అనుకుంటాం, అదేం లేదు, ఆ బిడ్డ తర్వాతి ఫీడ్‌కి బలం మిగుల్చుకుంది అంతే.

ఈ మాట మా వార్డులో పగటిపూట అందరూ ఒప్పుకున్నారు. రాత్రి మాత్రం పాత పద్ధతే నడిచేది. నాకు కోపం వచ్చింది, తర్వాత నాలుగు రాత్రులు వాళ్ళతో పాటు వార్డులో ఉన్నాను. ఒక్కో సిస్టర్‌కి ఆరుగురు పిల్లలు, తెల్లవారుజామున రెండింటికి అందరికీ ఒకేసారి ఫీడ్ టైం. ఎవరైనా ఏం చేస్తారు చెప్పు, త్వరగా పోసి పక్క బెడ్‌కి పోతారు. అప్పుడు డాక్టర్‌గారితో మాట్లాడి, పిల్లల ఫీడ్ టైముల్ని అరగంట అరగంట తేడాతో మార్పించాను. చార్టులో ఎన్ని మి.లీ. అన్న గడి పక్కన ఇంకో గడి గీయించాం, మేలుకుని తాగిందా, నిద్రమత్తులో తాగిందా, ఆపమందా అని ఒక్క టిక్ పెడితే చాలు. సున్నా మి.లీ. రాసి "ఆపమంది" అని టిక్ పెట్టిన సిస్టర్‌ని రౌండ్స్‌లో ఎవరూ ప్రశ్నించకూడదని డాక్టర్‌గారి చేత అందరి ముందూ చెప్పించాను. నా ఉద్దేశంలో ఈ పనిలో ఇన్‌ఛార్జి చేయాల్సిన అతి పెద్ద పని అదే, సిస్టర్లకి ఆ ధైర్యం ఇవ్వడం.

ఇక ఉగ్గుగిన్నె. మీరు వార్డులో పలాడై అంటారు, అది మన అమ్మమ్మల ఉగ్గుగిన్నే కదా. దాని మీద వచ్చిన పరిశోధనలు చూస్తే ముచ్చటేస్తుంది. 1999లో మన దేశంలో సీసా, కప్పు, పలాడై పోల్చి చూస్తే పలాడైతో పిల్లలు తక్కువ సమయంలో ఎక్కువ తాగారు. 2007లో లండన్‌లో నెలలు నిండని పిల్లలతో చూస్తేనేమో, సీసా కంటే ఎక్కువ సమయం పట్టింది, పాలు ఎక్కువ ఒలికాయి, బిడ్డలు ఎక్కువ ఇబ్బంది పడ్డారు అని వచ్చింది. నేననుకునేది, గిన్నె ఎలాంటిదైనా పట్టుకునే చెయ్యి ముఖ్యం. మన ఇళ్ళలో బిడ్డని కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తున్న నోట్లో ఉగ్గు పోసేస్తారు చూడు, వార్డులో ఆ అలవాటు ఉంటే మాన్పించు. బిడ్డని బట్టలో చుట్టి, తల కాస్త ఎత్తుగా, దాదాపు కూర్చున్నట్టు పట్టుకోవాలి. గిన్నె కొసని కింది పెదవికి ఒక మూల ఆనించి, పాలు పెదవికి తగిలేంత మాత్రమే వంచాలి. బిడ్డ నాలుకతో అందుకోవాలి, మనం పోయకూడదు. రెండు మూడు గుటకలకి ఒకసారి గిన్నె వెనక్కి వంచి ఊపిరి తీసుకోనివ్వాలి.

అంతకంటే ముందు నుంచే చేయాల్సినవి ఉన్నాయి. మొదటి రోజుల్లోనే ముర్రుపాలు రెండు చుక్కలు లోపలి బుగ్గలకి రాయించు, డాక్టర్ ఒప్పుకుంటే. ట్యూబ్‌లో పాలు వెళ్తుండగా అమ్మ చేత పాలు పిండేసుకున్న రొమ్ము పట్టించు. పాలు రావు, చీకడం మాత్రం అలవాటవుతుంది, ఆకలికీ నోటికీ ముడిపడుతుంది. ఇలా చేసిన పిల్లలు ట్యూబ్ నుంచి త్వరగా బయటపడతారని, ఇంటికి త్వరగా వెళ్తారని ఎన్నో పరిశోధనల్లో తేలింది. బిడ్డని గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టే కంగారూ కేర్ గురించి నీకు చెప్పేంతదాన్ని కాదు, అది నువ్వే బాగా చేయిస్తావు. నాన్నల్ని కూడా కూర్చోబెట్టు అంతే.

ఇప్పుడు మాట దగ్గరికి వస్తాను, నాకు ప్రాణం ఇది. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల ఒంటి మీద చిన్న రికార్డర్లు పెట్టి చూశారు, 2011లో వచ్చింది ఆ పేపర్. ఇంకా పుట్టాల్సిన రోజుకి ఎనిమిది వారాల ముందు, 32 వారాల దగ్గరే, ఆ పిల్లలు గొంతు విప్పి చిన్న చిన్న శబ్దాలు చేస్తున్నారు. అమ్మానాన్నలు మాట్లాడుతున్నప్పుడు ఇంకా ఎక్కువ. 2014లో మళ్ళీ రాశారు, ఆ వార్డులో ఎక్కువ మాటలు విన్న పిల్లలు తర్వాత ఏడు నెలలకి, పద్దెనిమిది నెలలకి పెట్టిన పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని. మన వార్డుల్లో వాళ్ళు ఎక్కువగా వినేది అలారాలు, స్టీలు ట్రేల చప్పుడు. వార్డులో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదంటారు, మూత గట్టిగా పడితేనే అది దాటిపోతుంది.

మా దగ్గర ఒక లంబాడీ అమ్మాయి ఉండేది, 29 వారాలకి బాబు పుట్టాడు. పదో రోజు దాకా ఇంక్యుబేటర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడేది, ముట్టుకోవచ్చా మేడమ్ అని రోజూ అడిగేది. మాట్లాడమ్మా వాడితో అంటే వచ్చీరాని తెలుగులో రెండు ముక్కలు చెప్పి ఆగిపోయేది. ఇంట్లో ఏం మాట్లాడతారు అని అడిగా, మా భాషే అంది, అది ఇక్కడ మాట్లాడొచ్చా అంది. నాకు కళ్ళు చెమర్చాయి. మాట్లాడు తల్లీ, వాడు కడుపులో విన్నది ఆ భాషే కదా అన్నాను. ఆ మధ్యాహ్నం గుండెల మీద వేసుకుని ఎంతసేపు కబుర్లు చెప్పిందో, వాడు కళ్ళు విప్పి ఆవిడ వైపే చూస్తూ ఉన్నాడు. మీ కొండల్లో కువి మాట్లాడే అమ్మలు ఉంటారు కదా, వాళ్ళకి ఈ మాట తప్పకుండా చెప్పు, వాళ్ళ భాషలోనే చెప్పించగలిగితే ఇంకా మంచిది.

అమ్మమ్మలు మాత్రం మాట త్వరగా రావాలని వసకొమ్ము అరగదీసి నాకిస్తామంటారు. గదమాయించకు, దొంగచాటుగా పెడతారు. వీడికి ఇంకా మింగడమే రాలేదు, వస లోపలికి పోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు, దాని బదులు మీరు రోజూ ఒక గంట కథలు చెప్పండి అంటే వింటారు. మా దగ్గర చాలామంది విన్నారు.

వినికిడి పరీక్ష చేయకుండా ఒక్క బిడ్డని కూడా డిశ్చార్జి చేయనివ్వకు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు, అమికాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు పడినవాళ్ళు, కామెర్లు ఎక్కువైనవాళ్ళు, వీళ్ళకి చెవిలో పెట్టి లోపలి చెవి పనితీరు చూసే ఓఏఈ ఒక్కటే చాలదు, శబ్దం నరం గుండా మెదడుకి చేరుతోందా అని చూసే బెరా కూడా కావాలి. చెవి బాగుండి, లోపల నరం దగ్గర తేడా ఉంటే ఓఏఈలో పాస్ అయిపోతారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషన్, థెరపీ మొదలవ్వాలి.

మీ జిల్లా ఆసుపత్రి ఆవరణలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా పట్టుకుని చికిత్స మొదలుపెట్టే కేంద్రం, ఉందో లేదో కనుక్కో, 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే కింద వచ్చింది అది. అందులో స్పీచ్ థెరపిస్ట్, ఆడియాలజిస్ట్ ఉండాలి. ఉంటే వెళ్ళి పరిచయం చేసుకుని వారానికి రెండుసార్లు మీ వార్డుకి రమ్మను. ఇంత చిన్న పిల్లల్ని పట్టుకునే అలవాటు వాళ్ళకి లేకపోతే భయపడతారు, నా నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతా.

వచ్చే నెల రెండో శనివారం నాకు సెలవు. శుక్రవారం రాత్రి బస్సెక్కితే పొద్దున్నకి మీ దగ్గర ఉంటాను. మీ ఇన్‌ఛార్జి డాక్టర్‌ని ముందే అడిగి పెట్టు, పగలు వద్దు, రాత్రి రెండింటి ఫీడ్ దగ్గర నిలబడి చూస్తాను. అప్పటిదాకా కనీసం ముగ్గురు పిల్లలకి ఆ రెండో గడి గీసి టిక్కులు పెట్టించు, ఫోటో తీసి పంపు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయలేదు నువ్వు. అన్నయ్యని అడిగానని చెప్పు, నేనొచ్చిన రోజు నాటుకోడి ఆయనే వండాలి.

నీ
మాటల మనిషి