విశాఖకు ఏడాది పొడవునా పాడే బాలల బృందం కావాలి

సంపాదకులకు నమస్కారములు.

ఏటా జూలై నెలాఖరుకు బడులకు కబురు వస్తుంది. స్వాతంత్ర్య దినోత్సవానికి పిల్లల చేత బృందగానం చేయించాలి, మూడు వారాల్లో సిద్ధం చేయండి అని. గొంతు బాగున్న వాళ్ళను ఏరి, చివరి పీరియడ్‌లో కూర్చోబెట్టి, ఒక దేశభక్తి గేయాన్ని కంఠతా పట్టించి, ఆగస్టు 15న వరుసగా నిలబెట్టి పాడిస్తాం. 16వ తేదీకి ఆ బృందం ఉండదు. మళ్ళీ జనవరి 26కి వేరే పిల్లలు, వేరే పాట. ముప్పై ఏళ్ళకు పైగా బడుల్లో సంగీతం చెప్పిన నేను ఈ పని ఎన్నిసార్లు చేశానో లెక్క పెట్టుకోలేదు. ఏడాది పొడవునా సాధన చేస్తూ, ఊరూరా తిరిగి పాడే ఒక శాశ్వత బాలల బృందం విశాఖపట్నానికి ఉండాలనీ, దాన్ని నగరమే పూనుకుని నడపాలనీ మనవి చేసుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ కోరిక కోరడానికి మన ఊరికి ప్రత్యేకమైన హక్కు ఉందని నా నమ్మకం. దేశమంతటా బడిపిల్లలు ఉదయం అసెంబ్లీలో ఒక్క గొంతుతో చెప్పే ప్రతిజ్ఞ పుట్టింది ఇక్కడే. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా పనిచేస్తూ 1962లో దాన్ని తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అది నాటి విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1963లో ఇక్కడి బడిలోనే పిల్లల చేత మొదటిసారి చెప్పించారు. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మొదలైందీ ఆ ఏడాదే. కోట్లాది పిల్లలకు కలిసి పలకవలసిన మాటలు ఇచ్చిన ఊళ్ళో, పిల్లలు కలిసి పాడడానికి ఒక గది కూడా లేకపోవడం నన్ను బాధిస్తోంది.

తెలుగు పిల్లలకు కలిసి పాడడం కొత్త కాదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ఇంటింటికీ తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు, 1945లో 'బాల' పత్రికను తెచ్చారు, పిల్లల పాటలకు, నాటికలకు జీవితాలనే ఇచ్చేశారు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ గారు మద్రాస్ యూత్ క్వయర్ అనే బృందగాన సంస్థను నెలకొల్పి, ఒకే పాటను రెండు మూడు వరుసల్లో విడివిడిగా పాడించి కలిపే పద్ధతిని మన దేశీయ గీతాలకు అమర్చి చూపించారు. మన సంగీతంలో హార్మొనీ, అంటే వేర్వేరు స్వరాలను ఒకేసారి కలిపి పలికించే పద్ధతి, లేదు కనుక బృందగానం మనకు పనికిరాదని ఇప్పటికీ కొందరు విద్వాంసులు అంటుంటారు. భజనలోనూ, గోష్ఠిగానంలోనూ వందమంది ఒకే శ్రుతిలో లీనమయ్యే అలవాటున్న మనకు, ఆ పునాది మీద రెండో వరుస నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. శ్రుతి నిలిచిన పిల్లలకు అది ఆరు నెలల పని.

ఒక బాలల బృందం ఎలా పెరుగుతుందో, ప్రయాణాలు దాన్ని ఎలా నిలబెడతాయో తెలుసుకోవాలంటే వియన్నా బాలుర బృందం చరిత్ర చూడాలి. 1498లో చక్రవర్తి మాక్సిమిలియన్ తన ఆస్థాన ప్రార్థనాలయంలో పాడడానికి కొందరు బాలురను నియమించాడు. అలా మొదలైన ఆ బృందంలో ఫ్రాంజ్ షూబర్ట్ కూడా చిన్నప్పుడు పాడాడు. నాలుగు వందల ఏళ్ళు రాజపోషణలో బతికిన ఆ బృందం 1918లో సామ్రాజ్యం కూలడంతో దిక్కులేనిదైంది. జోసెఫ్ ష్నిట్ అనే మతగురువు 1924లో దాన్ని తిరిగి నిలబెట్టి, చేతి డబ్బు ఖర్చుపెట్టి నడిపాడు. ఆ డబ్బు చాలలేదు. అప్పుడే, 1926 నుంచి, ప్రార్థనాలయం గడప దాటి బయట కచేరీలు చేయించడం మొదలుపెట్టాడు. ఆ పర్యటనలకు మూలం గొప్ప ఆశయమని అనుకుంటాం కానీ, పిల్లల తిండికీ చదువుకూ డబ్బు కావలసి రావడమే అసలు కారణం. ఈ రోజు ఆ సంస్థలో వందమంది దాకా బాలురున్నారు. వాళ్ళు నాలుగు బృందాలు. ఒక్కో బృందం విద్యా సంవత్సరంలో తొమ్మిది నుంచి పదకొండు వారాలు ప్రయాణాల్లో ఉంటుంది. అన్నీ కలిపి ఏడాదికి సుమారు 300 కచేరీలు.

ఈ నాలుగు బృందాల ఏర్పాటు మీద పాఠకులు, ముఖ్యంగా విద్యాశాఖ అధికారులు, ఒక్క నిమిషం ఆలోచించాలని కోరుతున్నాను. ఒక బృందం ప్రయాణంలో ఉంటే మిగిలినవి ఇంటి దగ్గర చదువుకుంటాయి. ఏ పిల్లవాడి చదువూ పాటకు బలి కాదు. పైగా మగపిల్లల గొంతు పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య మారిపోతుంది. నిన్నటి దాకా పైస్థాయిలో తేలిగ్గా పలికిన పిల్లవాడు ఒక ఉదయం మధ్యస్థాయిలోనే తడబడతాడు. కాబట్టి పాడే బృందం వెనక నేర్చుకునే చిన్న బృందం, దాని వెనక స్వరాలు దిద్దుకునే ఎనిమిదేళ్ళ పిల్లలు, ఎప్పుడూ ఉండాలి. మూడు వారాల తర్ఫీదుతో ఇది సాధ్యపడేది కాదు.

నేను ఉద్యోగ విరమణ చేశాక మా సీతమ్మధారలో ఇరవై ఇద్దరు పిల్లలను, ఆడా మగా కలిపి, ఒక మేడ మీద గదిలో చేర్చి రెండేళ్ళు పాటలు నేర్పాను. ఒక డిసెంబరులో తల్లిదండ్రులను కూడా వెంటబెట్టుకుని కిరండూల్ పాసింజరులో అరకు వెళ్ళాం. కొత్తవలస - కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి. బొడ్డవర దాటి బండి కొండెక్కుతుండగా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఒక పాట అందుకున్నారు. సొరంగంలోకి వెళ్ళగానే పెట్టె చీకటైపోయి వాళ్ళ గొంతులు రెట్టింపై వాళ్ళకే తిరిగి వినిపించాయి. వెనక బెంచీలో ఎప్పుడూ అరిచి పాడే అబ్బాయి ఒకడు ఠక్కున గొంతు తగ్గించాడు. బయటి వెలుతురు రాగానే నా వైపు తిరిగి, "టీచర్, నాది ఒక్కడిదే వేరుగా వినిపించింది" అన్నాడు. రెండేళ్ళుగా నేను ఎన్ని విధాల చెప్పినా వాడి చెవికెక్కని సంగతి అది. పక్కవాడి గొంతు వింటూ పాడాలన్నది వాడు ఆ రైల్లో నేర్చుకున్నాడు.

అరకులో ఒక గిరిజన ఆశ్రమ పాఠశాల ఆవరణలో మా వాళ్ళు ఆరు పాటలు పాడారు. ఆ తరువాత అక్కడి ఆడపిల్లలు ఒకరి నడుము ఒకరు పట్టుకుని ధింసా ఆడుతూ వాళ్ళ పాట పాడారు. ఆ లయ మా పిల్లలకు వెంటనే పట్టుబడలేదు. తిరుగు ప్రయాణమంతా తొడల మీద తాళం వేసుకుంటూ దాన్నే పట్టుకోవడానికి ప్రయత్నించారు. పర్యటన వల్ల పిల్లలకు కలిగే లాభం ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఇదే. శ్రీకాకుళం తప్పెటగుళ్ళు, విజయనగరం జముకుల కథ కూడా ఇలాగే వాళ్ళ చెవిన పడాలి.

ఆ గది యజమాని అవసరాల వల్ల ఖాళీ చేయవలసి వచ్చి మా బృందం ఆగిపోయింది. అంతకుముందు చేదు అనుభవం కూడా ఒకటి ఎదురైంది. ఒక సభలో ప్రార్థనా గీతం పాడమని పిలిచి, ముఖ్య అతిథి రాక ఆలస్యమైందని మా పిల్లలను మూడు గంటలు ఎండలో నిలబెట్టారు. తొమ్మిదేళ్ళ పాప ఒకతె కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ తరువాత పాట సగంలో ఉండగానే మైకు తీసేసుకున్నారు. ఎవరినీ నిందించడానికి రాయడం లేదు. పిల్లలను వేదికకు అలంకారంగా చూసే అలవాటు మనందరిలో ఉంది. ప్రయాణంలో ఉన్న పిల్లల బాధ్యత ఎంత పెద్దదో తెలియాలంటే 1939 సంగతి చాలు. వియన్నా నుంచే వెళ్ళిన మరో బాలుర బృందం ఆస్ట్రేలియాలో కచేరీలు చేస్తుండగా యుద్ధం మొదలై ఇంటికి తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది. మెల్‌బోర్న్‌లో కుటుంబాలు ఆ పిల్లలను తమ ఇళ్ళలో పెట్టుకుని పెంచాయి. వాళ్ళు అక్కడి సెయింట్ పాట్రిక్స్ కెథెడ్రల్‌లో పాడుతూ పెద్దవాళ్ళయ్యారు. మన బృందం పాడేరు దాకా వెళ్ళినా సరే, ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు, జ్వరం వస్తే ఎవరు చూస్తారు అన్నది బయలుదేరే ముందే కాగితం మీద ఉండాలి.

ఇందుకు కావలసింది పెద్ద భవనం కాదు. పిల్లల పేరు మీదే కట్టిన ప్రాంగణం సిరిపురంలో ఉంది. అందులో వారానికి మూడు సాయంత్రాలు ఒక గది కేటాయిస్తే చాలు. జీతం మీద ఇద్దరు సంగీత ఉపాధ్యాయులు, ఒక హార్మోనియం వాయించేవారు, పిల్లల బాగోగులు చూసే ఒక ఆయా, ఏడాదికి నాలుగు ప్రయాణాలకు సరిపడా ఖర్చు నగర బడ్జెట్‌లో చూపాలి. పురపాలక బడుల పిల్లలకు సగం స్థానాలు ఇచ్చి, ఎవరి దగ్గరా రుసుము తీసుకోకూడదు. సభలకు పిలిచేవారు బృందానికి పారితోషికం చెల్లించాలి, పిల్లలను అరగంటకు మించి వేచి ఉండనివ్వకూడదు అన్న నియమాలు మొదటి రోజే రాసుకోవాలి. రెండేళ్ళ దాకా బయటి కచేరీలు ఒప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, అధికారులకు ఇది రుచించకపోవచ్చు. శ్రుతి కుదరని బృందాన్ని ఊళ్ళు తిప్పితే పిల్లలకు మిగిలేది అలసటే.

మహా విశాఖ నగరపాలక సంస్థ, విద్యాశాఖ అధికారులు ఈ మనవిని రాబోయే బడ్జెట్ సమావేశాల్లో పరిశీలించాలని ప్రార్థిస్తున్నాను. గది ఇచ్చిన రోజు నుంచి మొదటి ఏడాది చిన్న పిల్లల తరగతిని జీతం లేకుండా నేను చెబుతాను. నా వద్ద నేర్చుకుని ఇప్పుడు సంగీతం చెబుతున్న మరో ఇద్దరు కూడా వస్తామన్నారు.

ఇట్లు,
విశ్రాంత సంగీత ఉపాధ్యాయురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం.