మహబూబ్‌నగర్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: గుడి ముందు మొక్కలకు నీళ్లు కావాలి

కలెక్టర్ గారూ, నమస్కారం.

2018లో మన పిల్లలమర్రికి చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి కాపాడుకున్నాం. దాదాపు 700 ఏళ్ల చెట్టు కదా, అందరికీ టెన్షనే. మరి మా ఊరి గుడి ముందు పోయిన వానాకాలం నాటిన మొక్కలు? ఫొటోలు దిగాం, ఎండాకాలానికి కర్రలు మిగిలాయి. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను లెండి.

దసరాకు జమ్మి ఆకు కోసం పక్క ఊరికి పోతున్నాం. అది మన రాష్ట్ర వృక్షం!

నర్సరీల నుంచి జమ్మి, మారేడు, వేప మొక్కలు గుళ్లకు, దర్గాలకు, చర్చిలకు ఇప్పించండి. నాటడానికి భక్తులున్నారు. మార్చి నుంచి జూన్ దాకా ట్యాంకర్ నీళ్లు, మేకలు రాకుండా కంచె, ఈ రెండూ మీరు చూడండి. నీళ్లు పోసే వంతులు మా భజన మండలి చూసుకుంటుంది.

ఇట్లు,
భజన మండలి సభ్యుడు