న్యూసెన్స్ అంటే వట్టి చికాకేనా?

ప్రియమైన శీనూ,

నీ ఉత్తరం అందింది. మీ వీధిలో కాలువ పొంగి మురుగు ఇళ్ల గుమ్మాల దాకా వస్తోందని మున్సిపాలిటీకి ఇంగ్లీషులో అర్జీ రాయబోతూ, దానిని న్యూసెన్స్ అంటే మరీ తేలిక మాట అవుతుందేమోనని సందేహపడ్డావు. నిస్సంకోచంగా అను. తాగి గొడవ చేసేవాణ్ణీ, మారాం చేసే పిల్లవాణ్ణీ మనం ఒకే తీరున న్యూసెన్స్ అనేస్తాం కనుక నీకలా తోచింది గాని, ఆ మాట హాని చేయడమనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియ నుంచి పుట్టింది.

చట్టంలో ఆ బరువు ఇప్పటికీ ఉంది. నలుగురికీ హాని గాని, ప్రమాదం గాని, చికాకు గాని కలిగించే పనినే కాక, చేయవలసిన పని చేయకపోవడాన్ని కూడా 1860 నాటి శిక్షాస్మృతి 268వ సెక్షను పబ్లిక్ న్యూసెన్స్ అంది. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 270వ సెక్షను. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు కాలువల కంపు భరించలేక జనం మేజిస్ట్రేటును ఆశ్రయిస్తే, తన దగ్గర డబ్బు లేదని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ సాకు చెల్లదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పునిచ్చారు. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ధైర్యం కలుగుతుంది.

వాడుక విషయానికి వస్తే, మనం న్యూసెన్స్ చేస్తున్నాడంటాం గాని, ఇంగ్లీషువారు 'హీ ఈజ్ ఎ న్యూసెన్స్' అనో, 'మేకింగ్ ఎ న్యూసెన్స్ ఆఫ్ హిమ్‌సెల్ఫ్' అనో అంటారు. బస్సు తప్పిపోతే 'వాట్ ఎ న్యూసెన్స్' అన్నా ఎవరికీ నొప్పి లేదు. కానీ ఫుట్‌పాత్ మీద పండ్లమ్ముకునే ముసలమ్మను ఆ మాట అనడం నాకు బొత్తిగా గిట్టదు.

అందుకే అర్జీలో పారిశుధ్య సిబ్బందిని ఆ మాటతో అనవద్దు; నిలిచిన మురుగునే అను. ఎప్పటి నుంచి నిలిచింది, ఎన్ని ఇళ్ల ముందు, పూడిక ఎక్కడుంది అన్నవి స్పష్టంగా రాయి. అప్పటికీ కదలిక లేకపోతే, నేరాల విచారణ పద్ధతిని చెప్పే కొత్త చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద, ఆ న్యూసెన్స్ తొలగించమని ఆర్డీవో గారికి దరఖాస్తు పెట్టవచ్చు. చిత్తుప్రతి పంపితే చూసి పెడతాను. చెల్లెమ్మకు, పిల్లలకు ఆశీస్సులు.

నీ
మూర్తి