కాలు సంగతి, వివరంగా

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "రాడ్ వేశారు, ఎముక అతికింది, ఇంకా చేతిలో కర్ర ఎందుకురా?" అన్నావు. ఇంటినిండా చుట్టాలుండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఎముక అతుక్కోవడం వేరు, కాలు మళ్లీ మన మాట వినడం వేరురా. ఆ రెండో పని ఇంకా నడుస్తోంది.

తుఫాను వానలో మా వైజాగ్ ఇసుకతోట దగ్గర బండి జారిన సంగతి నీకు తెలిసిందే. మోకాలి కింద పెద్ద ఎముక, దాని పక్కనుండే సన్నది, రెండూ విరిగాయి. చర్మం చీలకపోవడం అదృష్టం, చీలి ఉంటే ఇన్ఫెక్షన్ భయం చాలా ఎక్కువట. మొదటి రాత్రి నర్సులు మాటిమాటికీ వచ్చి కాలివేళ్లు కదపమనేవారు, తిమ్మిరెక్కిందా అని అడిగేవారు. ఎందుకో డాక్టరుగారు తర్వాత చెప్పారు. వాపు వల్ల కండరాల లోపల ఒత్తిడి పెరిగితే రక్తం ఆడదు, కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. నిద్ర మానుకుని కాపలా కాసిన ఆ పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

బాబాయి పుత్తూరు కట్టుకి వెళ్దామన్నాడు. ప్రేమకొద్దీ అన్నాడు. కానీ ముక్కలు బాగా పక్కకి జరిగిపోయాయి, ఆపరేషనే మంచిదన్నారు. మోకాలిచిప్ప కింద నుంచి ఎముక బోలులోకి రాడ్ దించి, పైనా కిందా స్క్రూలు బిగించారు. ఈ పద్ధతిని 1939లో జర్మనీలో కుంట్‌షర్ అనే సర్జన్ మొదలుపెట్టాడట, మంచం మీద ఉన్నప్పుడు చదివాను. నువ్వు కట్టించే ఇళ్లలో స్లాబ్ గట్టిపడేదాకా సెంట్రింగ్ ఉంచుతారు చూడు, రాడ్ పని అదే. అతికించేది మాత్రం ఒళ్లే. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది, తర్వాత మెత్తటి కణజాలం, ఆ పైన గట్టి ఎముక. ముందువైపు చర్మమే తప్ప కండ లేని ఎముక కాబట్టి దీనికి రక్తం అందేది తక్కువ, సామాన్యంగా 4 నుంచి 6 నెలలు పడుతుంది. సిగరెట్ తాగేవాళ్లకి ఇంకా ఆలస్యం. డాక్టరుగారు ముందు అడిగిందే అది. నువ్వింకా మానలేదు, మానరా బాబూ.

ఇక అసలు సంగతి. కట్టు విప్పినప్పుడు నా తొడ చూసి మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అంత సన్నబడిపోయింది. మోకాలు వంగదు, చీలమండ కదలదు. ఎక్స్‌రేలో కొత్త ఎముక తెల్లగా కనబడుతోందని డాక్టరుగారు సంతోషంగా చెబుతున్నారు, నేనేమో మంచం మీంచి కాలు కింద పెట్టలేకపోతున్నాను. ఆ రోజుల్లో దిగులు బాగా పట్టుకుందిరా. పగలు ఎవరో ఒకరు వచ్చేవారు, రాత్రిళ్లే కష్టం. నువ్వు రోజూ ఫోన్ చేసేవాడివి చూడు, అది మందు కన్నా ఎక్కువ పనిచేసింది.

ఫిజియో అమ్మాయిది శ్రీకాకుళం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి పట్టి ఉంచమనేది. చూడ్డానికి ఏముంది అందులో అనిపిస్తుంది, చేస్తే చెమటలు పట్టేవి. "నొప్పని ఆపేస్తే బిగిసిపోతాది సార్, ఇంకొంచెం వంచండి" అనేది. ఆ అమ్మాయి మొండితనమే నన్ను నిలబెట్టింది. మాది లిఫ్ట్ లేని రెండో అంతస్తు కదా, మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు అని నేర్పింది. మా ఎంవీపీ కాలనీ ఇంట్లో చంటిపిల్లలకి కూడా ఇప్పుడది నోటికొచ్చు.

తిండికొస్తే, అందరూ కాళ్ల సూప్ కాళ్ల సూప్ అన్నారు. అందులో కాల్షియం తక్కువేనట. రాగులు మంచివి, 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. గుడ్లు, పప్పు సరేసరి. అన్నిటికన్నా ఇష్టంగా తిన్నవి నెత్తళ్లు, ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియమూ వస్తుంది. అమ్మ చింతకాయ వేసి వండి పంపేది.

ఇప్పుడు పొద్దున్నే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే వేళకి వెళ్తున్నాను. కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా కర్రతో నడక. ఇసుకలోకి ఇంకా దిగొద్దన్నారు. మోకాళ్ల మీద కూర్చుంటే చిప్ప కింద పోటు వస్తుంది, రాడ్ అటునుంచి దించారు కాబట్టి చాలామందికి ఉండేదేనట. కింద కూర్చుని భోంచేయడం ఎప్పటికవుతుందో.

ఆషాఢ పౌర్ణమి దగ్గర పడుతోంది. సింహాచలం గిరి ప్రదక్షిణకి నీతో 32 కిలోమీటర్లు నడిచే ఓపిక ఈ ఏడాది లేదు, ఆశపడి కాలు పాడుచేసుకోను. నువ్వు మాత్రం మానొద్దు. కొండ కింద మొదటి మెట్టు, ఆ తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ నా పేరున కూడా కొట్టు. అప్పూఘర్ దగ్గరికొచ్చేసరికి మజ్జిగ పట్టుకుని నేనూ పిల్లలూ ఎదురొస్తాం, అక్కణ్నుంచి మా ఇంటిదాకా నీ పక్కన నడుస్తాను. అంత దూరం నడవొచ్చా అని ఫిజియో అమ్మాయిని అడిగి మరీ చెబుతున్నాను. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశావా లేదా? చెల్లెమ్మనీ తీసుకురా, అమ్మ అడుగుతోంది.

నీ
రమణ