ఇండోర్ హాలు కూల్చే ముందు: క్రీడాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో మా పిల్లలు షటిల్ బ్యాడ్మింటన్ ఆడుకునే పాత ఇండోర్ హాలును కూల్చి కొత్తది కడతారంటున్నారు. అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందు రాస్తున్నాను. హాలు పేరు ఆ అర్జీల్లో ఉంది, ఇక్కడ అవసరం లేదు.

ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. అక్కడే ఎస్.ఎం. ఆరిఫ్ గారి శిక్షణలో సైనా నెహ్వాల్ ఎదిగింది. తర్వాత 2002 జాతీయ క్రీడల పుణ్యమా అని గచ్చిబౌలికి ఇండోర్ స్టేడియం వచ్చింది, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ అక్కడే జరిగింది. సంతోషమే. కానీ మలక్‌పేట పిల్ల స్కూలయ్యాక నగరానికి అటువైపున్న గచ్చిబౌలి వెళ్లి, ప్రాక్టీసు చేసి, ఎన్నింటికి ఇల్లు చేరాలండీ?

మా హాలు బాగుందని నేను అనను. వానొస్తే మూడో కోర్టు బేస్‌లైన్ మీద బకెట్ పెట్టి, దాన్ని తప్పించుకుంటూ ఆడతారు. ఫంక్షన్లకు అద్దెకిచ్చిన ప్రతిసారీ స్టేజీ ఈడ్చి చెక్క ఫ్లోర్ లేచిపోయింది. పోయిన వానాకాలం పదో తరగతి అమ్మాయికి కాలు అక్కడే మడతపడి టోర్నమెంటు పోయింది. కొత్తది కట్టాల్సిందే.

అయితే ఇదే ప్రాంతంలో, ఇప్పటి ఫీజుకే, ప్రాక్టీసుకు వేరే హాలు చూపించాకే తాళం వేయించండి. పని పూర్తయ్యే గడువును గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. కొత్త హాలును పెళ్లిళ్లకు, మీటింగులకు ఇవ్వబోమని లిఖితపూర్వకంగా చెప్పండి. వేసవి క్యాంపు దరఖాస్తులు మొదలయ్యేలోపు జవాబు ఇప్పించగలరని మనవి.

భవదీయుడు,
ఒక షటిల్ క్రీడాకారిణి తండ్రి